ఏటి అవతలి రాతిగుడిసె

మా తమ్ముడు ఊల్ఫార్ కొండల ఫొటోలు తీస్తాడు. నల్ల ఇసుక, లావా రాళ్ల మీద పచ్చటి నాచు, మంచు కప్పుకున్న అగ్నికొండలు. ఒక్కో ఫొటో గోడంత ఉంటుంది. వాటిలో మనిషి ఉండడు, గొర్రె ఉండదు, కరెంటు స్తంభం ఉండదు. రాజధాని రేక్యవిక్‌లో జనం వాటి ముందు నోరెళ్లబెట్టి నిలబడతారట. నాకైతే మేమంతా చచ్చిపోయాక తీసినట్టు ఉంటాయి. ఆ మాట వాడితోనే అన్నాను.

"గొర్రెలు కాసుకునేదానివి, కళ గురించి నీకెందుకక్కా" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. అప్పట్లో వాడి మాటలకు నవ్వొచ్చేది.

మా మందలు వేసవంతా ఏటికి అవతల కొండమీదే మేస్తాయి. సెప్టెంబరులో గుర్రాలెక్కి వెళ్లి దింపుకొస్తాం. ఆ నాలుగు రోజులూ తలదాచుకోవడానికి మా తాత రాళ్లూ మట్టిగడ్డలూ పేర్చి ఒక గుడిసె కట్టాడు. నిరుడు వసంతంలో మంచు కింది అగ్నికొండ కదిలింది. కరిగిన నీళ్లు ఒక్కపూటలో గుడిసెనీ, పక్కనున్న గొర్రెల దొడ్డినీ పునాదులతో సహా ఊడ్చుకుపోయాయి.

సరిగ్గా ఆ ఏడాదే భూముల విచారణ వచ్చింది. మనుషులు వాడుకున్నట్టు రుజువు లేని కొండలన్నీ సర్కారువేనట. మా పాత పట్టా కాగితాల్లో హద్దు ఏటి దగ్గరే ఆగిపోయింది. అవతలి మేత మాదనడానికి గుడిసె ఒక్కటే సాక్ష్యం, ఆ గుడిసె సముద్రంలో కలిసింది. గొర్రెల గుడిసెకి ఫొటో ఎవరు తీసుకుంటారు? ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. ఊల్ఫార్ ఒక్కడే ఆ లోయను ఇరవై ఏళ్లుగా తీస్తున్నాడు. వెంటనే ఫోన్ చేశాను.

"ఒరే, గుడిసె కనపడే ఫొటో ఒక్కటి పట్టుకురా. అది చాలు."

"అదీ... వెతకాలక్కా. చూస్తాలే" అని నీళ్లు నమిలాడు.

విచారణ మా ఊరి హాల్లోనే జరిగింది. పట్నం నుంచి వచ్చిన అధికారిణి తెర మీద ఒక ఫొటో వేసింది. మా లోయే. వరదకి ముందటి సెప్టెంబరులో తీసి, ఆ ఏడు పెద్ద బహుమతి తెచ్చుకున్న ఊల్ఫార్ ఫొటో. ఉన్నది ఉన్నట్టు చూపించాలి, ఏదీ చెరపకూడదు అన్నది ఆ పోటీ నియమం.

"గుడిసె ఎక్కడుందో చూపించండి రన్వేగ్ గారూ" అంది.

దగ్గరికి వెళ్లాను. ఏటి మలుపు ఉంది. నల్లబండ ఉంది. బండ పక్కన గుడిసె ఉండాల్సిన చోట నాచు ఉంది.

"ఇక్కడుండేదండీ. వీడే చెరిపేశాడు. ఒరే, చెప్పరా."

అందరూ వెనక్కి తిరిగారు. తలుపు దగ్గర కాఫీ కప్పుతో నిలబడ్డాడు వాడు. చెరిపాను అని ఒప్పుకుంటే నా నాలుగొందల గొర్రెలకీ మేత నిలుస్తుంది, వాడి బహుమతీ పేరూ పోతాయి. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

"నేను చూసింది చూసినట్టే తీశానండి" అన్నాడు.

పక్క పొలం ముసలాయన బెర్గూర్ "తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే" అని గొణిగాడు. ఎవరూ నవ్వలేదు.

కొండ సర్కారుకి పోయింది. ఇంటి చుట్టూ ఉన్న గడ్డి సగం మందకే చాలుతుంది. మిగతా సగాన్ని ఆ శరత్తులోనే కబేళాకి పంపాను. లారీ ఎక్కించేటప్పుడు ఏడవలేదు. కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు.

అప్పీలు గడువు దాటిన వారానికి ఊల్ఫార్ వచ్చాడు. చంకలో కాగితం చుట్టిన పటం. గుమ్మంలోనే నన్ను కౌగిలించుకున్నాడు. కడుపులో లేనిది కౌగిలిస్తే వస్తుందా.

పటం విప్పాను. అదే ఫొటో. ఏటి మలుపు, నల్లబండ, దాని పక్కన మా గుడిసె. గొట్టంలోంచి పొగ వస్తోంది. తలుపు దగ్గర కెటిల్ పట్టుకుని ఎర్ర స్వెటర్‌లో ఒక ఆడమనిషి.

"నీకోసమే అక్కా. పడగ్గదిలో పెట్టుకో. ఎవరికీ చూపించకు."

"ఇది నేనేగా?"

"నువ్వే."

"అయితే గుడిసెతో పాటు నన్నూ తుడిచేశావన్నమాట."

వాడు బూట్లకంటిన మంచు దులుపుకుంటూ, "గుడిసెకే రోజంతా పట్టిందక్కా. నువ్వెంత, రెండు నిమిషాల పని" అన్నాడు.