కేకేస్తే పలికే దూరం

మోతీలాల్ చేసిన కంప్యూటర్ మంచిది. ముందే చెప్తున్న, ఎందుకంటే తర్వాత చెప్తే ఎవడూ ఇనడు.

అందరి కంప్యూటర్లల్ల ఉండే చిప్ ఒక జాతి, దీంట్ల ఉన్నది వేరే జాతి. రెండింటికీ మాట కలవదు. దానికి రాసిన ప్రోగ్రాం దీనికి ఎక్కదు, అన్నీ మొదటినుంచి రాసుకోవాలె. మోతీలాల్ హైదరాబాద్‌ల ఒక షెడ్డుల కూసొని మూడేండ్లు అదే రాసిండు. నేను ఖమ్మంల కాలేజీ నౌకరీ ఇడిసిపెట్టి దాన్ని అమ్మే ఏజెన్సీ తీసుకున్న. మా ఇంట్ల నన్ను ఏమన్నరో ఇక్కడ రాస్తే బాగుండదు.

ఎనభై తొమ్మిది ఎండాకాలంల మోతీలాల్ ట్రంక్ కాల్ చేసి, "నారాయణా, భద్రాచలం ఆర్డర్ రాకపోతే షెడ్డుకు తాళమే" అన్నడు. అక్కడ బీడీల తునికాకు సేకరించే సంఘం ఒకటి ఆరు కంప్యూటర్లు కొంటమన్నది. మిషన్‌ను బొంతల చుట్టి, బస్సుల నా పక్క సీట్ల కూసోబెట్టి తీస్కపోయిన. కండక్టర్ దానికి కూడా టికెట్ కొట్టిండు.

సంఘం ఆఫీసర్ రామ్‌చందర్ గారు పద్ధతి మనిషి. బల్ల మీద ఒక దిక్కు కిరాయికి తెచ్చిన మామూలు పీసీ పెట్టించిన్రు, ఇంకో దిక్కు మా మిషన్. ఆకు కోసే నాలుగు వేల మంది పేర్లు ఊరువారీగా వరుస పెట్టాలె, అదీ పోటీ. అండ్ల రెండొందల మంది పేరు జంపక్కనే.

మాది తొమ్మిది నిమిషాలల్ల పని ముగించి ప్రింట్ కూడా తీసింది. పీసీ అర్ధగంట గుర్రుమన్నది, ఇంతల కరెంటు పోయి మళ్ల మొదటికొచ్చింది. రామ్‌చందర్ గారు గడియారం చూసి "శభాష్ నారాయణగారూ" అన్నరు. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. అబద్ధమెందుకు, వచ్చినయి.

"అయితే టైపు కొట్టేది నేను గాదు గదా" అని ఆయన ఆపరేటర్‌ను పిలిచిన్రు.

ఆమె పేరు భీమక్క. అడవిల కోయగూడెం వాళ్లది. ఖమ్మంల ఆరు నెలలుండి కంప్యూటర్ నేర్చుకొచ్చింది. పాత క్యాలెండర్ కాగితంల చుట్టిన ఫ్లాపీ తీసి మా మిషన్ల పెట్టింది. మిషన్ గుర్తుపట్టలే.

"ఏమున్నదమ్మా అండ్ల?" అన్న.

"టైపు కొట్టే ప్రోగ్రాం సార్. ఖమ్మంల మాకు నేర్పిన సార్ ఇచ్చిండు. ఆయనకు వైరా ఊర్ల ఎవరో ఇచ్చిన్రట."

"మా దాంట్ల అంతకంటే మంచిదున్నది. రెండు వారాలల్ల నేర్పిస్త."

"నేర్చుకుంట సార్. మరి ఇది ఆగిపోతే ఎవర్నడగాలె?"

"నన్ను."

"మీరు ఊర్ల లేకపోతే?"

"చేసినాయన మోతీలాల్ ఉన్నడు."

"ఆయన గూడ లేకపోతే?"

నాకు ఒళ్లు మండింది. గెలిచిన మిషన్‌కు ఏందీ పంచాయితీ! "ఏది గెలిచిందో నీ కండ్లతోటే చూసినవ్ గదమ్మా!" అని గట్టిగనే అన్న.

"అవ్ సార్, మీదే మంచిది." ఆమె భయపడలే. "మేం ఆకుకు పోతే కేకేస్తే పలికే దూరంల ఉంటం. ఆకు ఎంత బాగున్నా సరే, పలికేటోళ్లు లేని దిక్కుకు పోం. పీసీ ఆగితే ఖమ్మంల పదిమంది పలుకుతరు. దీనికి మీరిద్దరే గద."

రామ్‌చందర్ గారు నా దిక్కు చూడకుండనే ఆరు పీసీలకు సంతకం పెట్టిన్రు. తిరుగు బస్సుల మిషన్‌కు మళ్ల టికెట్ కొట్టిన్రు.

షెడ్డు బందైంది. మోతీలాల్ బెంగుళూర్ల పీసీల కంపెనీల చేరిండు. కాలేజోళ్లు నన్ను మళ్ల తీసుకున్నరు. నేను మొండికేసి నా పాఠాలన్నీ ఆ మిషన్లనే టైపు చేసుకున్న. ఐదేండ్లు ఒక్కరోజు గూడ సతాయించలే.

పోయిన వానాకాలం ఒక పొద్దున ఆగిపోయింది. ఐదేండ్ల పాఠాలు అండ్లనే ఉన్నయి. ఏ పీసీ వాటిని చదవదు. ఎస్టీడీ బూత్‌కు ఉరికి బెంగుళూర్‌కు ఫోన్ కొట్టిన. మోతీలాలే ఎత్తిండు, పానం లేచొచ్చింది. సంగతంతా చెప్పిన.

"నారాయణా, అది ఎట్ల రాసిన్నో నాకే యాదికి లేదురా" అన్నడు.