గణపవరంలో సరాయ్

మా ఆయన సాయికృష్ణ ఇస్తాంబుల్లో రెండేళ్లు ఉద్యోగం చేసి భద్రంగా తెచ్చుకున్నది ఒకే ఒక్క మాట. సరాయ్. గణపవరంలో కట్టిన కొత్త ఇంటికి ఆ పేరే పెడతానని గృహప్రవేశం ముందురోజు గ్రానైట్ పలక మీద చెక్కించి తెచ్చాడు.

“టర్కీ భాషలో రాజభవనం” అన్నాడు గొప్పగా.

నాకు నవ్వాగలేదు. నేను డాక్టరు చదువు చదివింది రష్యాలో. అక్కడ సరాయ్ అంటే పాక. కట్టెలు, విరిగిన సైకిళ్లు పడేసేది. మా హాస్టల్ గది చూసినప్పుడల్లా వార్డెన్ తిట్టే తిట్టు అదే. ఆ సంగతే పైకి చెప్పేశాను. అసలు పర్షియాలో పుట్టిన మాట అది. టర్కీలో రాజభవనమైంది, రష్యా చేరి పాకైంది, మన ఉత్తరాదిన బాటసారుల సత్రమైంది. ఒక్క మాటకి ఇన్ని బతుకులా అని నాకు ముచ్చటేసింది. మా ఆయన మొహం మాత్రం మాడిపోయింది.

“ఏదైతే ఏంటమ్మా సుమనా” అన్నారు అత్తగారు జ్ఞానప్రసూనాంబ. “ముందు మీ మావయ్యగారు ఆ ఇంట్లో పడుకుంటారంటావా?”

అసలు బెంగ అదీ. మావయ్యగారు కనకరాజు గారి పడక ఏళ్ల తరబడి చేపల చెరువు గట్టు మీది పాకలోనే, అత్తయ్య ఊళ్లో ఇంట్లో ఒక్కరే. మొదట్లో దొంగల భయం. ఇప్పుడు కాపలాకి మనిషున్నాడు, కెమెరాలున్నాయి, ఆయన అలవాటే పోలేదు. ఆయన కోసమే కొడుకు ఇల్లు కడితే, వచ్చి చూసి, “గొప్పోళ్ల ఇల్లులా ఉందిరా. కాలు పెడితే జారేలా ఉంది. నాకు నా పాక చాల్లే” అనేశారు. ఆ మాటకి అత్తయ్య సరిగ్గా అన్నం తినలేదు. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు పొద్దున్నే గృహప్రవేశం. ముందు ఆవు లోపలికి వెళ్లాలి, తర్వాతే మనుషులు. మా చెరువు గట్టు ఆవు నున్నటి గ్రానైట్ నేల చూసి గుమ్మంలోనే కాళ్లు బిగించేసింది. సాయికృష్ణ అరటిపళ్లు చూపించాడు, బతిమాలాడు, తాడు లాగాడు. అది కదల్లేదు.

“ముహూర్తం దాటిపోతోందండీ” అన్నారు పురోహితులు నరసింహమూర్తి గారు.

పందిట్లో కూర్చున్న మావయ్యగారు విసుక్కుంటూ లేచారు. ఎండుగడ్డి తెప్పించి గుమ్మం నుంచి హాలు దాకా పరిచారు. “రావే తల్లీ” అంటూ తనే ముందు నడిచారు. ఆవు ఆయన వెనకే వెళ్లి, హాలు మధ్యలో తాపీగా నిలబడి పేడ వేసింది. అంతకన్నా శుభం ఏముంటుంది?

మావయ్యగారు గడ్డి మీదే చతికిలబడి గోడకి ఆనుకున్నారు. “ఇప్పుడు కాస్త మనిషి కూర్చునేలా ఉంది.”

అత్తయ్య నావైపు తిరిగారు. “సుమనా, ఆ పేరు రష్యాలో ఏంటన్నావు?”

“పాక అండీ.”

“ఏవండీ, విన్నారా? ఇదీ పాకేనంట. రాత్రికి మంచం ఇక్కడే వేయిస్తాను. ఒక్కదాన్నే పడుకోవాలంటే నాకూ భయంగా ఉంటోందండీ.”

మావయ్యగారు లేచి ఆవు మెడ నిమిరారు.

“గడ్డి తియ్యనంటే ఉంటాను” అన్నారు.

పలక గుమ్మం పక్కన బిగించారు. వచ్చినవాళ్లందరికీ మా ఆయన రాజభవనం అనే చెబుతున్నాడు. చెప్పుకోనీ. హాల్లో గడ్డి మార్చేది రోజూ తనే.