సంతలో దుబాసీ

బస్తర్ ఇంకా రాజుగారి రాజ్యంగానే ఉన్న ఆఖరి చలికాలం అది. ఢిల్లీలో జెండా మారి నాలుగు నెలలైంది. గోదావరి అవతల నైజాం మాత్రం ఆ జెండా కిందికి రానన్నాడు. అక్కడ రజాకార్లు గడ్డివాము తగలబెట్టి చావగొడితే, వెంకన్న చిన్న మూటతో నది దాటి ఆవపల్లిలో ఉన్న అక్క ఇంటికి చేరాడు.

అక్క సోమక్క ఇరవై ఏళ్ల కిందట ఆ ఊరికి కోడలుగా వచ్చింది. మొగుడు పోయాక సంతలో ఉప్పు అమ్ముకుని బతుకుతోంది. తెలుగు, దోర్లీ, గోండీ, సంత హిందీ అన్నీ ఆమె నాలుక మీద ఆడేవి. ఊరికి కొత్తవాడెవడొచ్చినా నడుమ మాట చెప్పడానికి ఆమెనే పిలిచేవారు. ఆ పిలుపంటే ఆమెకు లోలోపల గర్వం.

ఆ వారం గీదం నుంచి ఒక సేటు వచ్చాడు. ఎడ్లబండికి మూడు రంగుల జెండా కట్టి హిందీలో ఉపన్యాసం అందుకున్నాడు. జనం బిత్తరపోయి చూస్తుంటే ఊరిపెద్ద హడ్మా, "సోమక్కా, జర చెప్పు" అన్నాడు.

ఆమె గంప వదిలి ముందుకొచ్చింది. సేటు అన్నదల్లా అంది. దేశం మనదైందంది. మన కొండల్లోని ఇనుమును నైజాం దొంగచాటుగా కొనేశాడంది. అతని మనుషులు చుట్టాల వేషంలో ఊళ్లలో దూరి ఇళ్లు లెక్కపెడుతున్నారంది. నిజమో కాదో ఆమెకు తెలియదు. ఒక్క ముక్క జారకుండా అందించడమే ఆమె ధ్యాస. చివర్లో సేటు పిడికిలెత్తి "గద్దార్!" అని అరిచాడు. దోర్లీలో మాట తట్టక ఆమె తెలుగులోనే "ఇంటిదొంగ" అంది.

జనం ఆ మాటను నోట్లో తిప్పుకున్నారు.

"మరి నీ ఇంట్ల ఉన్నోడు ఎవలు?" పక్కనే గంప పెట్టుకునే ఇర్మె అడిగింది.

"నా తమ్ముడే! దెబ్బలు తిని వచ్చిండు."

"చుట్టాల లెక్కనే వస్తరని ఇప్పుడే నువ్వే చెప్పితివి గద."

సంతంతా ఆమె ఇంటికి నడిచింది. దడి కట్టుకుంటున్న వెంకన్నను పక్కకు నెట్టి మూట విప్పారు. అడుగున ఉర్దూ కాగితం ఒకటి దొరికింది. ఎవరికీ చదవరాదు. చదవరాకపోవడమే రుజువైంది.

"అది నా చెలక పట్టా అయ్యా! ఆడ అన్నీ ఉర్దూలనే రాస్తరు" అన్నాడు వెంకన్న.

సోమక్క ఆ మాటనే గోండీలో చెప్పింది, దోర్లీలో చెప్పింది, సేటుకు హిందీలో చెప్పింది. ఆమె నోట సేటు మాట విని నమ్మినవాళ్లు ఆమె సొంత మాట నమ్మలేదు. సేటు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

హడ్మా ఆమెను పక్కకు పిలిచాడు. "నేను నమ్ముతున్న సోమక్కా. ఊరు నమ్ముతలేదు. పొద్దుగూకకముందే పంపియ్యి. లేకుంటే ఇల్లు కాలుస్తరు."

"ఎటు పోవాలె అక్కా?" అన్నాడు వెంకన్న.

ఆమె జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చింది. దగ్గరి ఊరు తర్రెంలో ఎవరైనా దాచుకుంటారేమోనని వెంకన్న అటు నడిచాడు. కబురు అతనికన్నా ముందే చేరింది. అక్కడ మంచినీళ్లయినా ఎవరూ ఇవ్వలేదు. ఇక గోదావరి వైపే దారి మిగిలింది.

పది రోజులకు పడవవాడొకడు సంతకొచ్చి చెప్పాడు. అవతలి ఒడ్డున రజాకార్లు వెంకన్నను పట్టుకున్నారట. బస్తర్ నుంచి వచ్చిన కాంగ్రెసు వేగు అన్నారట. చేతులు విరిచికట్టి తీసుకుపోవడం తన కళ్లతో చూశాడట. ఆ పైన ఏమైందో అతనికీ తెలియదు.

సోమక్క మళ్లీ ఉప్పు గంప ముందు కూర్చుంది. కాసేపటికి ఇర్మె గొంతు తగ్గించి పక్కామెతో అంది: "చూసినవా, ఆఖరికి ఆడికే పోయిండు. పట్టుకున్నరంటే నమ్ముతమా? అదంతా నాటకం."

సోమక్కకు వినబడింది. ఆమెకు ఇంకో ఊరు లేదు, ఇంకో సంత లేదు. ఇర్మె వచ్చి ఉప్పు అడిగితే, లేచి కొలిచి పోసింది.