నెగ్గిన ఒకే ఒక్క సవరణ

పళ్లెం నేల మీద జరిగిన చప్పుడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత తలుపు మూసుకున్న చప్పుడు, దాని వెంటే లోపలి గడియ పడిన చప్పుడు.

కళ్లు మూసుకునే ఆ మూడింటినీ విని, అప్పుడు టీచరమ్మ కళ్లు తెరిచింది. కూతురు లేచింది. పళ్లెం లోపలికి తీసుకుంది. ఇక మధ్యాహ్నం దాకా ఆ తలుపు గోడలో భాగం. పదకొండు నెలలుగా ఆ ఇంట్లో తెల్లవారడమంటే ఇంతే.

బడిలో లెక్కలు చెప్పడం మాని, ప్రతిపక్షం తరఫున గెలిచి, చట్టసభలో అడుగుపెట్టి ఆమెకు ఆరేళ్లయింది. అయినా సొంత పార్టీ వాళ్లకూ, ఎదుటి పార్టీ వాళ్లకూ, అర్జీలు పట్టుకుని వాకిట్లో నిలబడే తల్లిదండ్రులకూ ఆమె టీచరమ్మే. ఈ ఆరేళ్లలో ఆమె నూట నలభై మూడు సవరణలు ప్రతిపాదించింది. నూట నలభై రెండు వీగిపోయాయి. ఒక్కటి నెగ్గింది.

వంటింట్లో భర్త టీ వడపోస్తున్నాడు. వీధి చివర మందుల దుకాణం ఆయనది.

"తిందా?" అని అడిగింది.

"పళ్లెం లోపలికెళ్లింది. నాకు తెలిసింది అంతవరకే," అన్నాడాయన కప్పు అందిస్తూ. "తలుపు తట్టి 'ఇదిగో' అన్నాను. నిన్న 'ఏమ్మా' అన్నాను. మొన్న దగ్గాను. కొట్టుకొచ్చే బేరగాళ్లనైనా నేను ఇంత మొహమాటంగా పిలవను."

ఆమె నవ్వవలసిన చోట నవ్వింది. టీ వేడిగా ఉందని ఆవిరిని చూసి తెలుసుకుంది. పంటి డాక్టరు సూది వేశాక చెంప ఉన్నదీ లేనిదీ తెలియనట్టు, ఆమెకు కొంతకాలంగా లోపల ఉన్నదేదీ తెలియడం లేదు. బతుకు మాత్రం గడియారంలా సాగుతోంది. లేస్తుంది, వెళ్తుంది, మాట్లాడుతుంది, ఓడుతుంది, వస్తుంది.

ఆ నెగ్గిన సవరణ సంగతి ఇది. బడుల హాజరు పట్టీల్లో అసలు లేని పిల్లల పేర్లు ఉన్నాయని కనిపెట్టింది ఆమే. పేరుంటుంది, బల్ల ఖాళీగా ఉంటుంది. ఆ పేరు మీద వచ్చే పుస్తకాలు ఎవరి చేతికి పోయేవో ఎవరికీ తెలియదు. ఊరూరా తిరిగి, బల్లలు లెక్కపెట్టి, ఆ మోసాన్ని సభలో కళ్లకు కట్టినట్టు చూపించింది. అదే ఏడాది ప్రభుత్వం అన్ని బడులకూ కలిపి చదువుల యాప్ తెచ్చింది. ఆ బిల్లు మీద ఆమె ఒక సవరణ ఇచ్చింది: ప్రతి విద్యార్థి పూర్తి పేరు, ఫొటో, తరగతి ఆ యాప్‌లో ఎవరు తెరిచినా కనబడాలి, ఎవరైనా సరిచూసుకోగలగాలి. ప్రభుత్వం ఒప్పుకుంది. రెండు పక్షాలూ బల్లలు చరిచాయి. లేని పిల్లలు పట్టీల్లోంచి మాయమయ్యారు.

ఉన్న పిల్లలు ఊరందరికీ కనబడ్డారు.

ఎనిమిదో తరగతి చదువుతున్న ఆమె కూతురి ఫొటోను, పేరును ఆ జాబితాలోంచి ఎవరో తీసుకున్నారు. ఆ పేరుతో ఒక దొంగ ఖాతా తెరిచారు. నత్తిగా మాట్లాడే స్నేహితురాలి మీద ఒక పాట కట్టారు. ఇంకొకరి నాన్న తాగుడు గురించి రాశారు. సైన్సు మాస్టారి భార్య జబ్బు మీద నవ్వారు. అంతా ఆ పిల్లే రాసిందనుకున్నారు. నేను కాదు, నేను కాదు అని ఆ పిల్ల బల్ల బల్లకూ వెళ్లి చెప్పుకుంది. ఖాతాను మూయించడానికి పందొమ్మిది రోజులు పట్టింది. ఇరవయ్యో రోజు ఇంటికొచ్చి, "ఆ పేరు పెట్టి నన్నెవరూ పిలవొద్దు," అని చెప్పి గదిలోకి వెళ్లింది.

టీచరమ్మ ఆ మాటను చట్టాన్ని పాటించినట్టు పాటించింది. ఆ జాబితా ఎవరి పుణ్యమో మాత్రం కూతురికి చెప్పలేదు. చెబుదామని తలుపు దాకా వెళ్లేది. చెక్కను చూసి తిరిగి వచ్చేది.

ఇప్పుడు ఆమె చేతి సంచిలో ఉన్నది నూట నలభై నాలుగో సవరణ. తన సవరణను తానే కొట్టివేయమని అడిగే సవరణ. చట్టసభ విద్యా సంఘం చివరి సమావేశం ఈరోజే. రేపు ఉదయం కొత్త తరగతుల జాబితా యాప్‌లోకి ఎక్కుతుంది: నాలుగు లక్షల పేర్లు, నాలుగు లక్షల ముఖాలు. సంఘం వద్దంటే ఆపుతామని శాఖ రాసి ఇచ్చింది. సంఘంలో ఏడుగురు. అధికార పక్షం వాళ్లు నలుగురు, వీళ్లు ముగ్గురు.

వెళ్లేముందు మూసిన తలుపు దగ్గర నిలబడింది.

"ఇవాళ సంఘం కూర్చుంటోంది. నీ పేరు ఎక్కడా ఎత్తను. మాటిస్తున్నాను."

లోపలి నుంచి చెంచా చప్పుడు కూడా లేదు.

*

సంఘం గదిలో కిటికీలు లేవు. పొడుగాటి బల్ల, ఏడు మైకులు, ఏడు నీళ్ల సీసాలు, మూలన ఏసీ కింద నీళ్లు పడకుండా పెట్టిన ఒక ప్లాస్టిక్ బకెట్టు. మూసిన సమావేశం కనుక సభ్యులూ, నమోదు చేసే కార్యదర్శీ తప్ప ఎవరూ లేరు.

అధ్యక్షుడు భారీ మనిషి, నవ్వు ఇంకా భారీ. కళ్లజోడు తుడుచుకుంటూ కాగితం ఎత్తాడు.

"టీచరమ్మా, మీరు ప్రతిపక్షం కదా, మమ్మల్ని వ్యతిరేకించడం మీ హక్కు. కానీ మిమ్మల్ని మీరే వ్యతిరేకించుకుంటే మాకింక పనేం మిగిలిందండీ?"

బల్ల చుట్టూ నవ్వులు. ఆమె పార్టీ సభ్యుడొకాయన కూడా నవ్వి, దగ్గు కింద దాచుకున్నాడు.

"ఈ వాక్యం ఎవరిదో చెప్పండి," అంటూ అధ్యక్షుడు రెండేళ్ల కిందటి సభా నమోదు చదివాడు. "'పేరు దాచుకోవలసిన అవసరం దొంగకు ఉంటుంది గానీ, చదువుకునే బిడ్డకు ఉండదు.' బ్రహ్మాండంగా ఉంది. మా అబ్బాయి చేత కంఠతా పట్టించాను కూడా."

"నాదే," అంది ఆమె.

"అప్పుడు సరైనది ఇప్పుడు తప్పెలా అయింది?"

ఆమె తన నివేదిక చదివింది. ఒక బాలిక పేరుతో దొంగ ఖాతా. ఒక బాలుడి ఫొటోతో బెదిరింపులు. ఒక విద్యార్థినికి అపరిచితుల సందేశాలు. మూడు పేజీలు. గొంతు ఎక్కడా వణకలేదు. వణికి ఉంటే బాగుండునని, ఎవరి గురించో అనుకున్నట్టు అనుకుంది. బల్ల మీదున్న చెయ్యి ఎవరో మరిచిపోయి వెళ్లిన చేతి తొడుగులా కనబడింది.

చివరి కుర్చీలోంచి డాక్టరుగారు కదిలారు. అధికార పక్షం మనిషే, కానీ పార్టీ కంటే ముందు నలభై ఏళ్లు పిల్లల వైద్యుడు. చెవిలో వినికిడి యంత్రం సరిచేసుకుని మెల్లగా అన్నారు:

"అమ్మా, మీ కాగితాల్లో ఒక బాలిక, ఒక బాలుడు, ఒక విద్యార్థిని. అంతా 'ఒక'లే. రోగిని చూడకుండా నేనెప్పుడూ మందు రాయలేదు. ఒక్క బిడ్డ పేరు చెప్పండి. నిజంగా ఉన్న బిడ్డ. అప్పుడు నా చెయ్యి మీ వైపు లేస్తుంది. ఎవరేమనుకున్నా సరే."

అధ్యక్షుడి నవ్వు కొంచెం తగ్గింది. "డాక్టరుగారూ, మన పక్షం నిర్ణయం మీకు తెలుసు కదా."

"నాకు డెబ్బై నాలుగేళ్లు. ఇక నన్నెవరు సస్పెండు చేస్తారయ్యా, ఆ పైవాడు తప్ప."

కార్యదర్శి తలెత్తింది. "పేరు ఈ గది దాటి పోదు మేడం. అచ్చయ్యే నివేదికలో 'సాక్షి ఒకటి' అని మాత్రమే ఉంటుంది. కానీ నోటితో చెప్పాలి. పేరు లేకపోతే సాక్ష్యంగా రాసుకోలేం."

పిల్లల పేర్లు దాచమని అడగడానికి ఒక బిడ్డ పేరు బయట పెట్టాలి. టీచరమ్మ నీళ్ల సీసా మూత తిప్పింది, మళ్లీ బిగించింది.

"పావుగంట సమయం ఇవ్వండి," అంది.

*

వరండాలో మెట్ల పక్కన నిలబడి ఇంటికి ఫోను చేసింది. భర్త ఎత్తాడు.

"దుకాణం తెరవలేదా?"

"నువ్వు వెళ్లేటప్పుడు నీ ముఖం చూశాక తెరవబుద్ధి కాలేదు. ఏమైంది?"

"ఫోను దానికివ్వండి."

"తలుపు తియ్యదు కదా."

"కింద సందులోంచి తొయ్యండి."

ఏదో గీసుకుపోయిన చప్పుడు. దూరం నుంచి ఆయన గొంతు: "కొత్త ఫోనమ్మా, మెల్లగా." తర్వాత ఎవరిదో ఊపిరి.

"నేను," అంది టీచరమ్మ.

"ఊఁ." వాడకపోవడంతో మొద్దుబారిన గొంతు.

"ఇక్కడ నీ పేరు అడుగుతున్నారు. చెబితే రేపటి జాబితా ఆగుతుంది. చెప్పనని నీకు మాటిచ్చాను. వద్దంటే కాగితాలు సర్దుకుని వచ్చేస్తాను. నిన్నేమీ అనను."

ఊపిరి.

"ఇంకోటుంది." గోడకు అంటించిన అగ్నిమాపక సూచనలను మొదటి నుంచి చివరి దాకా చదివి, అప్పుడు చెప్పింది. "ఆ జాబితా అందరికీ కనబడాలన్నది ప్రభుత్వం కాదు. నేను."

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"నువ్వే. వీడియో ఉందిగా. కళ్లజోడు పైకి తోసుకుంటూ, దొంగకు ఉంటుంది గానీ బిడ్డకు ఉండదన్నావు. బల్లలు బాగా చరిచారు."

"ఎప్పుడు చూశావు?"

"చలికాలంలో. నాలుగుసార్లు చూశా."

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వే చెప్తావని."

మెట్ల మీద ఎవరో బంట్రోతు టీ కప్పుల ట్రేతో దిగి వెళ్లాడు. ఆయన కింది మెట్టు దాటేదాకా టీచరమ్మ ఫోనును చెవికి నొక్కి పట్టుకుంది.

"నువ్వు నన్ను పిలవడం మానేశావు," అంది కూతురు.

"పిలవొద్దన్నావు కదా."

"ఎవరూ పిలవొద్దన్నాను. నువ్వూ ఆ లెక్కలోనేనా?" గొంతు ఎక్కడో చిట్లి, మళ్లీ అతుక్కుంది. "అన్నిటికీ రూల్సేనా అమ్మా నీకు? నాన్న తలుపు దగ్గర దగ్గుతున్నాడు. జలుబేమోననుకున్నా."

టీచరమ్మ గోడకు ఆనుకుంది. చల్లగా తగిలింది. గోడ చల్లగా ఉంటుందని చాలా రోజుల తర్వాత తెలిసింది.

"చెబితే ఎంతమంది వింటారు?"

"ఏడుగురు."

"స్కూల్లో ఆరువందల మంది విన్నారు. ఏడుగురొక లెక్కా." కొంచెం ఆగి అడిగింది: "నిజంగా ఆపుతారా?"

"ఒకాయన ఆపుతానన్నారు. ఆయన మాట మీద నిలబడేలాగే ఉన్నారు."

"అయితే చెప్పు. కానీ ఎవరో బాలిక అనకు. నీ కూతురినని చెప్పు. ఆ సవరణ నీదేనని కూడా చెప్పు."

"చెబుతాను."

"గొణగకు. టీవీలో నువ్వు గొణిగితే నాకు సిగ్గేస్తుంది."

ఫోను పెట్టేసింది. తలుపు తెరిచి ఇచ్చిందో, మళ్లీ సందులోంచే తోసిందో తెలియలేదు.

*

గదిలోకి వచ్చేసరికి అందరూ బిస్కెట్లు తింటున్నారు. టీచరమ్మ కూర్చోలేదు.

"డాక్టరుగారు అడిగిన బిడ్డ ఉంది," అంది. "మా ఇంట్లో ఉంది. నా కూతురు."

అధ్యక్షుడి ముఖం మీది నవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే నిలిచిపోయింది. చేతిలోని బిస్కెట్టును ఆయన పళ్లెంలో పెట్టేశాడు. ఏసీ నీటిచుక్క బకెట్టులో పడింది.

"అప్పుడు ఎనిమిదో తరగతి. ఇప్పుడు ఏ తరగతీ కాదు. నేను చదివిన మొదటి పేజీలో ఒక బాలిక అన్నది దాన్నే. దాని ముఖాన్ని ఎవరో ఆ జాబితాలోంచి తీసుకున్నారు. ఆ జాబితాను తెరిచి పెట్టింది నేను. మీరు చదివిన వాక్యం నాదే, అధ్యక్షా. ఆ రోజు చప్పట్లు విని సంతోషించాను. ఆ పేర్లలో మా బిడ్డ పేరు కూడా ఉందని తట్టలేదు. ఎవరి బిడ్డ పేరైనా ఒకటేనని అసలు తట్టలేదు."

ఆమె మోకాళ్ల దగ్గర ఏదో మొదలైంది. చాలాసేపు మడిచి కూర్చున్న కాలిలోకి రక్తం దిగినప్పటి సూదిపోట్ల వంటిది. నొప్పిగానే ఉంది. బల్ల అంచు పట్టుకుంది.

"అధ్యక్షా, ఇక ఇందులో..." అని ఎవరో అనబోయారు. డాక్టరుగారు చెయ్యెత్తి ఆపారు.

"పూర్తి కానివ్వండి. ఆ బిడ్డ అనుమతి ఉందా అమ్మా?"

"ఉంది. ఇప్పుడే అడిగి వచ్చాను."

కార్యదర్శి కొత్త పేజీ తిప్పి, కలం పట్టుకుంది. "పేరు మేడం?"

టీచరమ్మ నోరు తెరిచింది. పదకొండు నెలలుగా ఆ మాట ఆ నోట్లోకి రాలేదు. ముందు పెదవులు కదిలాయి, ఊపిరి మాత్రమే వచ్చింది. డాక్టరుగారు ముందుకు వంగి, చెవి వెనక అరచెయ్యి పెట్టుకున్నారు.

"వినబడలేదమ్మా."

ఆమె మైకును దగ్గరకు లాక్కుంది. ఎర్ర దీపం వెలిగింది. బిడ్డ పుట్టిన రోజున ఆ పేరు తానే ఎంచింది, తానే మొదట పలికింది. ఇప్పుడు గది నాలుగు మూలలకూ వినబడేలా పలికింది.

"తరళ."