మెస్సు రామక్కకు కడుపునొప్పి

అశోక్‌నగర్‌లో మెస్సు నడిపే మనిషికి జ్వరం రావచ్చు, కాలు విరగవచ్చు, మొగుడితో తగువూ పడవచ్చు. కడుపునొప్పి మాత్రం రాకూడదు. వచ్చిందా, దుకాణం బందు. ఈ సంగతి రామక్కకు తెలిసినంతగా ఆ చుట్టుపక్కల నాలుగు గల్లీల్లో ఎవరికీ తెలియదు.

అందుకే ఆర్నెల్లుగా తన కడుపు సంగతి కడుపులోనే దాచుకుంది. ఎదలో మంట, పుల్లని తేన్పులు. మొదట వాము నమిలింది, సోడా తాగింది. తర్వాత మెడికల్ షాపు నుంచి గులాబీరంగు మందు సీసాలు తెచ్చి బియ్యం డబ్బా వెనక పెట్టుకుంది. ఈ మధ్య ముద్ద మింగితే ఎదలో ఆగిపోయి, నీళ్లు తాగితే తప్ప కదలడం లేదు. రవికెలు వదులైతే లోపల కుట్లు వేసుకుంది. ఈ వారంలో రెండుసార్లు విరేచనం తారులా నల్లగా అయింది. గోంగూర వల్ల అనుకుంది. గోంగూర తిని నెల దాటిందని ఆమెకూ తెలుసు.

అసలు చిక్కంతా మొగుడు దుర్గయ్యతో. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూపన్లు చింపడం ఆయన పని. చింపేవి చేతులు; నోరు ఖాళీయే కదా.

"సిరిసిల్ల దిక్కు నుంచి ఒక పిలగాడొచ్చిండు. మంచినీళ్లు గూడ అరగయి వానికి! మూడొద్దులు మా పప్పుచారు తాగిండు. నాలుగోనాడు పరీక్ష రాసుకుంట పెన్సిల్ కొరికి మింగిండు, గదీ అరిగింది. ఇయ్యాల తాసీల్దారు. ఇరవై రెండేండ్లల్ల ఈ ఇంట్ల తిన్నోనికి కడుపునొప్పి అన్నమాటనే లేదు!"

ఇంత ప్రచారం జరిగే ఇంట్లో, వండే మనిషి "నాకుంది" అని ఏ నోటితో అంటుంది?

చిక్కడపల్లిలోనూ నారాయణగూడలోనూ డాక్టర్లకు కరువు లేదు. కానీ ఏ దవాఖానా బెంచీ మీద చూసినా ఆమె దగ్గర తింటూ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలే. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, చెల్లెలింటికని చెప్పి, నెత్తిన కొంగు కప్పుకుని ఆటోలో అంబర్‌పేట దాకా వెళ్లింది.

అక్కడ బెంచీ మీద ఇంకొకామె కూడా కొంగు కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. ఇద్దరూ అరగంటసేపు ఒకరికొకరు వీపులు చూపించుకున్నారు. కాంపౌండరు వచ్చి "అనసూయమ్మా!" అని కేకేశాడు. రామక్క గిరుక్కున తిరిగింది. ఎదురుగా చిక్కడపల్లి మెస్సు అనసూయమ్మ! పప్పు తొందరగా ఉడకాలని రామక్క సోడా వేస్తుందని ఏడేళ్ల కిందట ఊరంతా చెప్పిన మహాతల్లి. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"రామక్కా! గింత దూరం వచ్చినవేంది?"

"మోకాళ్ల నొప్పులు. నీకు?"

"నాకు గూడ మోకాళ్లే."

గోడమీద నిలువెత్తు పేగుల బొమ్మ వేలాడుతోంది. ఇద్దరూ దానివైపు చూశారు. ముందు అనసూయమ్మకే నవ్వొచ్చింది.

అనసూయమ్మ లోపలికి వెళ్లి పది నిమిషాల్లో బయటికి వచ్చింది. "చాయ్ తగ్గియ్యమన్నడు, తిన్నెంటనే పండకన్నడు. పదిహేను రోజులు గోలీలు. తగ్గకుంటే మళ్ల రమ్మన్నడు. పరీక్షలేం లేవు."

అవే గోలీలు తనకూ రాస్తాడని ఆశపడుతూ రామక్క లోపలికి వెళ్లింది. డాక్టరు వీరరాఘవరావు తొందర లేని మనిషి. అన్నీ అడిగి, కంటి రెప్ప కిందికి లాగి చూశాడు. నల్ల విరేచనం దగ్గర ఆమె గోంగూర పేరెత్తింది.

"ఎప్పుడు తిన్నావమ్మా?"

"నెల దాటింది సారూ."

"నొప్పులకు గోలీలు మింగుతావా?"

"మోకాళ్లకు. రోజుకొకటి."

"అవి ఇవాళే ఆపు. ఉత్త మంటైతే మందిచ్చి పంపేవాణ్ణి, నీ ముందొచ్చినామెను పంపినట్టే. నీకు మింగుడు పడడం లేదు, ఒళ్లు తగ్గింది, రక్తం తక్కువుంది, విరేచనం నల్లగా అయింది. పైగా యాభై ఎనిమిదేళ్లు. ఇక ఊహించి మందియ్యకూడదు, గొట్టం వేసి లోపల చూడాలి. పుండే కావచ్చు. వేరే ఏదైనా అయితే తొందరగా తెలియడం మేలు. సోమవారం పరగడుపున రా. ఈలోపల మళ్లీ నల్లగా అయినా, కళ్లు తిరిగినా, సోమవారం దాకా ఆగకుండా పెద్దాసుపత్రికి పో."

పరీక్షకు రక్తం ఇచ్చి, చీటీ నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుని బయటికొచ్చింది.

"నాకు గూడ గోలీలే," అంది.

"మరి చీటీ దాస్తివేంది?" అంది అనసూయమ్మ.

రామక్క బెంచీ మీద కూలబడింది. "సోమవారం ఎట్ల రావాలె? ఊరంత బందున్న సమ్మె నలభై రెండు దినాలల్ల గూడ నేను పొయ్యి ఆర్పలే."

"ఆర్పకు. నేనొచ్చి వండుత. నా కోడలు మా మెస్సు చూసుకుంటది."

"నా వంటింట్ల నువ్వా! సోడా ఏడ దాచిన్నో వెతకనీకా?"

"ఏడేండ్ల సంది గదే చూడాలనుంది."

వండే మనిషి దొరికింది. కారణం చెప్పడమే మిగిలింది. ఆ రాత్రీ చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం బంతిలో ఇరవైమంది కూర్చున్నారు. గుమ్మంలో దుర్గయ్య కథలో పెన్సిల్ మళ్లీ అరగబోతోంది. రామక్క గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"జర ఆపుతవా?" అంది మొగుణ్ణి. "పిల్లలూ, రేపు నేను కడుపు పరీక్షకు పోతున్న. ఆర్నెల్ల సంది నొప్పున్నది. తినేటోళ్లు తినుండ్రి, పోయేటోళ్లు పోండ్రి."

దుర్గయ్య చేతిలో కూపను చిరగకుండా ఉండిపోయింది. ఎవరూ విస్తరి ముందునుంచి లేవలేదు. గ్రూప్-టూ చదివే రమ్య మెల్లగా గొంతు సవరించుకుంది.

"పెద్దమ్మా, నాకు గూడ రెండు నెలల నుంచి మంట. నువ్వు బాధపడతవని చెప్పలే."

"నాకు గూడ," అన్నాడు పక్క వరసలో సృజన్. తర్వాత ఇంకో ఇద్దరు.

"వారీ దొంగల్లారా!" అన్నాడు దుర్గయ్య. లోపలికి వచ్చి పెళ్లాం ముఖం తేరిపార చూశాడు. "నాకన్న చెప్పకపోతివే," అన్నాడు చిన్నగా.

"నువ్వు చెప్పనిస్తివా?"

సోమవారం పొద్దున అనసూయమ్మ పొయ్యి ముట్టించింది. దుర్గయ్య గుమ్మంలో కుర్చీ వదిలి, రామక్కతో అంబర్‌పేటకు ఆటో ఎక్కాడు. రామక్క ఎడమపక్కకు తిరిగి పడుకుని, డాక్టరు చెప్పినట్టే గొట్టం మింగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ చెయ్యి అడ్డం పెట్టలేదు.

"పుండుంది," అన్నాడు డాక్టరు, ఆమె లేచి కూర్చున్నాక. "మందు మొదలుపెడుతున్నా. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతున్నా, అది చూస్తేగానీ పూర్తిగా చెప్పలేను. శుక్రవారం రావాలి."

రామక్క కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఎన్ని గంటలకు రమ్మంటవు సారూ?" అంది.