బల్ల ముట్టని ముత్తయ్య

ఏసుబాబు మాస్టారు చేసిన మోసం ముత్తయ్యకు అన్నం తింటున్నప్పుడూ గుర్తొచ్చేది, మూట దించి నడుం పట్టుకున్నప్పుడూ గుర్తొచ్చేది. పరాయివాడు కాదు, సొంత మేనమామ కొడుకు. ఎనభై రెండులో బ్యాంకు లోను ఇప్పిస్తానని రేపల్లె తీసుకెళ్లి, రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో టీ తాగించి సంతకం పెట్టించుకున్నాడు. నాలుగో తరగతిలో బడి మానేసిన ముత్తయ్యకు సంతకం చేయడం వచ్చు గాని, దేని కింద చేస్తున్నాడో చదవడం రాదు. తల్లికి పుట్టింటివాళ్లు ఇచ్చిన పొలం అలా చేతులు మారింది. దాన్ని అమ్ముకున్న డబ్బుతో మాస్టారు బాపట్లలో డాబా కట్టి అద్దెకిచ్చాడు. ముత్తయ్య అంగలకుదురు చేరి, తెనాలి రైసుమిల్లులో మూటలు మోసే ముఠాలో కలిశాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. రెండేళ్లకు మాస్టారికి బదిలీ అంగలకుదురుకే అయింది. వచ్చీ రాగానే లూథరన్ చర్చి సంఘంలో పెద్ద అయి కూర్చున్నాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభు బల్ల. మాస్టారు ఇస్త్రీ పంచె నలగకుండా సర్దుకుని, అందరికంటే ముందు మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకునేవాడు. ముత్తయ్య బెంచీ దిగేవాడు కాదు. మనసులో పగ పెట్టుకుని బల్ల ముడితే శిక్ష కొని తెచ్చుకున్నట్టేనని చిన్నప్పుడు నేర్పారు. అతనికి పగ ఉంది, వదులుకునే ఉద్దేశం లేదు. తను అలా కూర్చుండిపోతే ఏదో ఒకనాడు సంఘం ఎందుకని అడుగుతుంది, అప్పుడు ఏసుబాబు బండారం బయటపడుతుంది అన్నది అతని ఆశ.

సంఘం అడగలేదు. తనకు తానే తేల్చేసుకుంది. బల్ల ముట్టడంటే ఎక్కడో రెండో కాపురం ఉండే ఉంటుందని ఆడవాళ్లు అతని భార్య వరమ్మ దగ్గర జాలిపడ్డారు. ఆ మనిషి దుగ్గిరాలలో ఉంటుందని కూడా ఒకామె చెప్పింది. మూటలు మోసి నడుం పట్టేసిన మగడికి ఈ ఒక్క కాపురమే ఎక్కువని వరమ్మ నవ్వేది. అది మొదట్లో. పోనుపోను నవ్వడం మానేసింది.

తొంభై మూడులో వరమ్మకు కడుపులో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ బాపట్లలో, సోమవారం. ముందు రోజే బల్ల ఆదివారం.

"ఒక్కదాన్నే వెళ్లి మోకరించడం విసుగొచ్చిందయ్యా," అంది వరమ్మ. "ఈసారి నువ్వూ రా. బతికొస్తే మళ్లీ నీ ఇష్టం, బెంచీ ఎక్కడికీ పోదు."

బల్ల తీసుకునేవాళ్లు శనివారం సాయంత్రం వెళ్లి పాస్టరు అయ్యగారితో చెప్పుకోవడం అక్కడి ఆనవాయితీ. ముత్తయ్య వెళ్లేసరికి, ఆ ఏడే కొత్తగా వచ్చిన రాజారత్నం అయ్యగారు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. ముత్తయ్య పొలం సంగతంతా చెప్పాడు. ఇంటి బయట ఒకరికి చెప్పడం అదే మొదలు. ఆయన మధ్యలో అడ్డం రాకుండా విన్నారు. జరిగింది అన్యాయమేనని ఒప్పుకున్నారు. ఆ పైన, రేపు వస్తున్నావా అని అడిగారు.

"కోపం పోలేదండి. అది పోకుండా ఎలా ముట్టేదండి?"

"జ్వరం తగ్గాక మందు తాగుతావా, ముత్తయ్యా?"

"ఆయనా తాగుతున్నాడు గదండి, నెలనెలా. ఏం నయమైందండి?"

అయ్యగారికి నవ్వొచ్చింది. "మొండి జబ్బు. ఆయన సంగతి ప్రభువుకు వదిలెయ్. రేపు రొట్టె నీక్కూడా కోయించనా, వద్దా?"

ముత్తయ్య కిందపడ్డ ఈనెలు నాలుగు ఏరి అరుగు మీద పెట్టి ఇంటికొచ్చాడు.

ఆదివారం వరమ్మ లేవగానే అతనూ లేచాడు. మగవాళ్ల వరసలో ఖాళీ ఏసుబాబు పక్కనే దొరికింది. మోకరించాడు. క్షమించాను అని లోపల అనుకోబోయాడు. మాట రాలేదు. పక్కనుంచి పౌడరు వాసన వచ్చింది, పొలం గుర్తొచ్చింది. లేచి పోవడానికి ఇంకా వ్యవధి ఉంది. ఆడవాళ్ల వరస చివరి నుంచి వరమ్మ తొంగి చూస్తోంది. ఇది నా వల్ల కాదు ప్రభువా, నువ్వే చూసుకో అనుకుని చేతులు చాచాడు.

అయ్యగారు ఏసుబాబుకు చెప్పిన మాటే అతనికీ చెప్పారు: నీ పాపక్షమాపణ నిమిత్తం. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. ముత్తయ్యకు కాస్త అవమానంగానే తోచింది. అయినా తిన్నాడు. పిలవని చోటికి వచ్చినట్టు మాత్రం అనిపించలేదు.

బయటికొచ్చాక ఏసుబాబు నలుగురిలో అతని చెయ్యి పట్టుకున్నాడు.

"సంతోషం బావా. పాతవన్నీ ఇవాళ్టితో కొట్టేసినట్టేగా. ఆ ఎకరం గొడవ ఇంకా ఎన్నాళ్లని మోస్తావు?"

ఏ ఎకరం అన్నట్టు జనం ఇద్దరివంకా చూశారు. ముత్తయ్య చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"కోపం అలాగే ఉంది బావా. వచ్చే నెలా ఉంటుంది. వచ్చే నెలా నీ పక్కనే మోకరిస్తా," అన్నాడు. "ఎకరం మాత్రం కాదు. ఎకరం ముప్పై రెండు సెంట్లు."