మునగని పడవ

పోలండ్ రాజుతో కుదిరిన సంధి పత్రం చదివిన రోజున టోపీ గాల్లోకి విసిరినవాళ్లలో ఓఖ్రీమ్ కూడా ఉన్నాడు. ఆ నదీతీరపు యోధులు, కొసాక్కుల సభలో టోపీ ఎగిరిందంటే ఒప్పుకున్నట్టే. పోలండ్ రాజు ఆరువేలమంది కొసాక్కుల పేర్లు జాబితాలో రాయించి, వాళ్లకు మాత్రం హక్కులుంచుతాడట. పదేళ్లుగా సైన్యానికి పడవలు కట్టినవాడు తను. తన పేరు లేకుండా జాబితా ఎలా అవుతుందనుకున్నాడు. మిగతాది వినకుండానే టోపీ విసిరాడు.

పేరు రాలేదు. సముద్రం మీదికి పోయే పడవలన్నీ తగలబెట్టాలన్న హుకుం మాత్రం వచ్చింది. అతను వినని మిగతాది అదే.

అతనికి మిగిలింది ఒక్క పడవే. రెండు చలికాలాలు మాను తొలిచి, పలకలు కొట్టి, మునగకుండా రెండు పక్కలా రెల్లుమోపులు బిగించి చేసింది. రాజు మనుషులు మర్నాడు వస్తారనగా దాన్ని ద్నీప్రో నది ఒడ్డున రెల్లుపొదల్లోకి తోసి, రాళ్లు నింపసాగాడు. నీళ్లడుగున దాచి వసంతంలో తీయడం ఆ ఒడ్డున అందరికీ తెలిసిన పనే. అయితే ముందు రెల్లుమోపులు విప్పాలి. అంత బిగువుగా మళ్లీ కట్టలేనని అతను విప్పలేదు.

రాళ్లు అంచుదాకా వచ్చాయి. పడవ మునగలేదు.

గట్టు మీద భార్య తమ్ముడు ఒనిస్కో నిలబడి ఉన్నాడు. జాబితాలో పేరున్నవాడు, తగలబెట్టే పని వాడికే అప్పజెప్పారు.

"బావా, తుఫానొచ్చినా మునగదని నువ్వేగా ఊరంతా చెప్పుకున్నావ్?"

"నోర్ముయ్. దిగొచ్చి ఆ మోపులు కొయ్యి."

"రాజు మనుషులు చూస్తే నా పేరు కొట్టేస్తారు."

"నా పేరు రాయించలేకపోయావు గానీ, నీ పేరు మీద ఎంత ప్రేమరా!"

"నన్నంటావేం? ఆ రోజు అందరికంటే ఎత్తుకెగిరింది నీ టోపీ కాదూ?"

ఓఖ్రీమ్ మోపుల వైపు తిరిగాడు. కత్తి తీసి ముడి మీద పెట్టాడు. తారు పూసి తనే బిగించిన తాడు. నీళ్లకు ఉబ్బి రాయిలా ఉంది. కోశాడు, తిట్టాడు, మళ్లీ కోశాడు. ఒక్క ముడీ తెగకముందే గట్టు మీద గుర్రాల చప్పుడైంది. రేపు రావాల్సినవాళ్లు ఈరోజే వచ్చారు.

"ఎవరిదీ పడవ?" అన్నాడు రాజోద్యోగి.

"మా బావదేనండీ. తగలబెడదామనే ఒడ్డుకు లాగుతున్నాడు," అన్నాడు ఒనిస్కో.

ఇక రాళ్లన్నీ ఒక్కొక్కటే దించాల్సి వచ్చింది. దించినకొద్దీ పడవ బెత్తెడు బెత్తెడు పైకి లేచింది, ప్రయాణానికి సిద్ధమైనట్టు. ఒడ్డుకు లాగారు. తడి చెక్క అంటుకోలేదు. కాగడా పొగచిమ్మి ఆరింది. ఉద్యోగి విసుక్కున్నాడు.

"బావా," ఒనిస్కో గొంతు తగ్గించాడు, "ఎటునుంచి అంటుకుంటుంది?"

ఓఖ్రీమ్ తన కొట్టంలోకి వెళ్లి ఎండు చెక్కపేళ్లు ఒడినిండా తెచ్చి పోశాడు.

"గాలి వచ్చే పక్కన నిప్పు పెట్టరా. సగం కాలి మిగలకూడదు."